కదలని పడవలు

కాలువలు కట్టివేయు దినములు మన డెల్టా రైతులకు క్రొత్తవి కావు. వేసవిలో మరమ్మతులకై తూముల తలుపులు దించుదురు, నీరు తగ్గును, బోదెలు ఎండును. ఆ దినములు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు ముగియునో ముందుగా తెలిసినచో పశువుల నీటిని, త్రాగునీటి చెరువును, నారుమడిని దానికి తగినట్లు సరిచూచుకొందుము. కష్టము కలదు గాని కలవరము లేదు. ఏ సంవత్సరమైన ఆ తేదీ తెలియకున్నచో, లేక మన బోదెకు నీరాగి ప్రక్కబోదెకు పారుచున్నచో, రైతు మనస్సు ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. నీరు లేకుండుటకంటె, అది ఏల లేదో ఎవరును చెప్పకుండుట ఎక్కువ బాధించును.

కోవిడ్ మహమ్మారి ప్రబలిన 2020వ సంవత్సరమున ఇంగ్లండు, వేల్సు దేశముల కాలువలమీదను నదులమీదను పడవలు నడుపువారికి ఇంచుమించు ఇట్టి స్థితియే కలిగెను. వారి అనుభవమున మన నీటి సంఘములకును సహకార సంఘములకును పనికివచ్చు సంగతులు కలవు గావున ఈ మాసమున దానిని సభ్యుల యెదుట పెట్టుచున్నాము.

ఆ దేశపు జలమార్గములు

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట గోదావరి డెల్టా కాలువలు పైరులకు నీరిచ్చుటయేగాక పడవలకును దారియైనవి. ధాన్యపు పడవలు లాకులు దాటి కాకినాడకు చేరుచుండెడివి. రైళ్లును లారీలును వచ్చిన తరువాత ఆ రాకపోకలు క్రమముగా తగ్గిపోయినవి. ఇంగ్లండులోని కాలువలు సాగునీటికై త్రవ్వినవి కావు. పదునెనిమిదవ శతాబ్దమునుండి బొగ్గు, ఇనుము, పింగాణి మొదలగు సరకులను మోయుటకే త్రవ్వబడినవి. అచ్చటను రైలు వచ్చి సరకును తీసికొనిపోయెను. అయినను కాలువలన్నియు పూడిపోలేదు. విహారమునకు కొందరును, నివాసమునకు కొందరును వానిని ఆశ్రయించిరి.

ఇంగ్లండు, వేల్సులలో ఇంచుమించు 2,000 మైళ్ల కాలువలను, నదీభాగములను 2012 జూలై నుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అను ధర్మసంస్థ చూచుచున్నది. దాని జలమార్గములమీద రమారమి 35,000 పడవలు ఉండును. థేమ్సు నదిలో టెడింగ్టనుకు ఎగువభాగము పర్యావరణ సంస్థ అను ప్రభుత్వ శాఖ అధీనమున నున్నది. పడవగలవారు ఏటేట రుసుము చెల్లించి అనుమతిపత్రము పొందవలెను.

అచ్చటి కాలువ పడవ వెడల్పు ఏడడుగులకు కొంచెము తక్కువ. పొడవు కొన్నిటికి 70 అడుగులవరకు కలదు. రైలుపెట్టెవలె ఒక గది వెనుక నొకటిగా వంటయిల్లు, పడక, బొగ్గుపొయ్యి అమర్చియుందురు. గంటకు నాలుగు మైళ్లకు మించి నడపరాదని కాలువలమీద నియమము. అనగా మనిషి నడకవేగమే. కాలువల లాకులను చాలచోట్ల పడవవారే ఇనుప పిడితో తిప్పి, తలుపులను వీపుతో నెట్టి దాటుదురు. మన లాకులయొద్దవలె లస్కరు ఉండడు.

ఈ పడవగలవారు ముఖ్యముగా మూడు తెఱగులవారు. పట్టణమున ఇల్లుండి, సెలవు దినములలో మాత్రమే పడవకు వచ్చువారు మొదటివారు. పడవనే ఇల్లుగా చేసికొన్నవారు రెండవవారు. పడవలను వారమునకింతయని యాత్రికులకు అద్దెకిచ్చి జీవించువారు మూడవవారు. 2020లో వచ్చిన నిషేధము ఈ ముగ్గురిమీదను ఒక్కసారిగనే పడెను. కాని దాని బరువు ముగ్గురికిని ఒకటి కాదు. ఈ వ్యాసమునకు సారమిదియే.

కదలుమను చట్టము, కదలవద్దను ఆజ్ఞ

పడవయే ఇల్లైనవారిలో పెక్కుమందికి స్థిరమైన రేవు లేదు. అట్టివారు నిజముగా ప్రయాణము చేయుచునేయుండవలెననియు, ఒకేచోట 14 దినములకు మించి నిలువరాదనియు 1995 నాటి బ్రిటిష్ జలమార్గముల చట్టము విధించినది. ఆ నియమము చుట్టే వారి జీవితము తిరుగును. పిల్లల బడి, కూలిపని, వైద్యుడు, నీటికొళాయి, బొగ్గు అన్నియు ఆ పదునాలుగు దినముల లెక్కకు సరిపోవలెను.

2020 మార్చి 23వ తేదీ రాత్రి బ్రిటిష్ ప్రధానమంత్రి బోరిస్ జాన్సను ప్రజలు ఇండ్లు విడిచి రారాదని ప్రకటించెను. అత్యవసరము కాని పడవ ప్రయాణములన్నియు ఆపుడని జలమార్గ సంస్థలు కోరినవి. కదలక తప్పదను 14 దినముల నియమమును ట్రస్టువారు తాత్కాలికముగా నిలిపిరి. త్రాగునీరు పట్టుకొనుటకును, మరుగుతొట్టి ఖాళీచేయుటకును, ఇట్టి ఇతర అవసరములకును మాత్రము కదలవచ్చుననిరి. ఏండ్ల తరబడి కదలుమని తరిమిన చట్టమే ఒక్క రాత్రిలో కదలవద్దనినట్లాయెను.

ఆ ఆజ్ఞకు కారణములు లేకపోలేదు. లాకు పిడులను, తలుపులను ఒకరి వెనుక నొకరు ముట్టుకొందురు. పట్టణములనుండి జనులు దూరపు రేవులకు వచ్చినచో పల్లెలకు రోగము వచ్చును. పల్లెల చిన్న ఆసుపత్రులు దానిని మోయలేవు. పడవ ప్రమాదము జరిగినచో రక్షణ సిబ్బందిని వేఱు పనినుండి మరల్పవలసివచ్చును. ఆ సంవత్సరము జూలై నాటికే ఆ దేశమున 40,000కు పైగా జనులు ఈ వ్యాధిచేత మరణించిరని తలచినచో, ఆజ్ఞ అకారణమని ఎవరును అనలేరు. పడవవారిలో పలువురు అట్లనలేదు కూడను. వారి బాధ వేఱు.

నిలిచిన చోటనే బ్రతుకు

మొదటి బాధ నిలిచిన చోటునుబట్టి వచ్చినది. ఆ దేశపు లెక్కలలో అదివరకు వచ్చిన ఫిబ్రవరి నెలలన్నిటిలోను 2020 ఫిబ్రవరియే ఎక్కువ వాన కురిసినది. కియారా, డెన్నిస్ అను తుపానులు నదులను ముంచెను. వరదలచేత ముందే రేవులలో చిక్కుకొన్న పడవలు, నీరు తీసి బయలుదేరుదమనుకొను సమయమునకు ఈ ఆజ్ఞ వచ్చెను. నీటికొళాయికి సమీపమున నిలిచినవాడు అదృష్టవంతుడు. కొళాయికి రెండుమూడు మైళ్ల దూరమున, పలు లాకులకు ఆవల నిలిచినవానికి నీటి తొట్టి నింపుకొనుట ఒక దినపు పని. మరుగుతొట్టి సంగతియు అంతే. ఇంటిలో మీటనొక్కి నీరు వదలువారికి ఈ చిక్కు తోచదు.

రెండవ బాధ గట్టుబాటనుండి వచ్చినది. పూర్వము గుఱ్ఱములు పడవలను లాగిన దారియే గట్టుబాట. దినమునకొకసారి వ్యాయామమునకు బయటికి రావచ్చునని ప్రభుత్వము చెప్పగా, పట్టణవాసులు గట్టుబాటలకు వచ్చిరి. పడవ కిటికీకి ఒక గజము దూరమున జనులు ఎడతెగక నడచుచు, పరుగెత్తుచు, సైకిలు త్రొక్కుచు పోవుచుండిరి. ఇంటిలోనుండుమన్న ఆజ్ఞను పాటించి లోపల కూర్చున్నవానికి ఇంటి గోడయే జనసంచారమైనది. పడవను రెండు ఫర్లాంగులు ముందుకు జరిపికొని నిమ్మళముగా నుండవచ్చును గాని జరుపరాదు. పడవలు కట్టియున్నచోట గట్టుబాటను వీలైనంత విడువుడని ట్రస్టువారు ప్రజలను కోరిరి. కోరుటవరకే వారిచేతనైనది.

మూడవది సెలవుల పడవవారి బాధ. ఆ వసంతకాలము ఆ దేశమున అదివరకు లెక్కకెక్కిన వానిలోనెల్ల ఎండ ఎక్కువ కాసిన వసంతము. ఆకాశము నిర్మలము, నీరు నిశ్చలము, పడవ మాత్రము దూరమున రేవులో నున్నది. విహారమాత్రమైన బాధయని తీసివేయవచ్చును; కాని పడవకు అడుగున నీరూరునా, బ్యాటరీలు దిగిపోయినవా అని చూచివచ్చుటకును వీలులేకపోయినది. వాడని కాలమునకు రుసుము ఏల చెల్లింపవలెనని వారిలో కొందరు అడిగిరి. కాలువ గట్లు, లాకు తలుపులు పడవ నడిచినను నడువకున్నను మరమ్మతు కోరుచునేయుండునని రెండవపక్షపు మాట. రెండుమాటలును త్రోసివేయదగినవి కావు.

నాలుగవది అద్దెపడవలవారిది. వారికి ఈస్టరునుండి శరత్తువరకే పంట. ఆ సంవత్సరము ఈస్టరు ఏప్రిల్ 12వ తేదీన వచ్చి పోయెను. జూలై మొదటివరకు పడవలు కట్టుత్రాళ్లకే యుండెను. తొలకరి పోగొట్టుకొన్న రైతునకు ఈ నష్టము వివరింప బనిలేదు.

ఈ కష్టములలో పనికివచ్చినవారిని గూర్చియు చెప్పవలెను. బొగ్గు, డీసెలు, గ్యాసు అమ్ము ఇంధన పడవలవారు జీవనావసరముల వర్తకులుగా తమ పని సాగించిరి. కదలరాని పడవలయొద్దకు తామే కదలివచ్చి పొయ్యి ఆరిపోకుండ చూచిరి. నిషేధము నిలువవలెనన్నచో దానిలో ఇట్టి ద్వారమొకటి తెరచియుండవలెను.

సగము తెరచిన తలుపు

నిషేధము విధించుటకంటె సడలించుట కష్టము. మే నెల 13వ తేదీనుండి ఇంగ్లండులో బహిరంగ స్థలములలో ఆటలకు, పడవలకు కొంత అవకాశమిచ్చిరి. కాలువలపై ప్రయాణమును మే 23నుండి అనుమతించిరి. కాని పడవ ఇల్లుకానివారు రాత్రి అందులో నిద్రింపరాదనిరి. జూలై 4వ తేదీవరకు ఆ నియమముండెను.

పుస్తకములో చూచినచో ఇది సులభమైన నియమము. కాలువమీద చూడుడు. గంటకు మూడు మైళ్లు పోవు పడవ పగటిలో ఎంత దూరము పోయి తిరిగిరాగలదు? నడుమ లాకులున్నచో అదియును తగ్గును. అరువది అడుగుల పడవను ఇష్టమైనచోట త్రిప్పుటకు వీలులేదు. త్రిప్పుటకని వెడల్పుగా త్రవ్విన తావులు కొన్నియే యుండును. అట్టి తావు దాటిపోయినచో మరియొకటి వచ్చువరకు ముందుకే సాగవలెను, చీకటి పడినను సరే. కారుగలవానికి సరిపడు నియమము పడవవానికి సరిపడలేదు. వ్రాసినవారు దుష్టులని కాదు. నీటిమీది దూరమును నేలమీది కొలతతో కొలిచిరి.

సరిహద్దున మరియొక చిక్కు. లాంగొలెన్ కాలువ ఇంగ్లండులో ఆరంభమై, చర్క్ వద్ద వేల్సులో ప్రవేశించి, 1805లో తెరచిన పాంట్‌కసల్తె అను ఎత్తైన నీటివంతెన మీదుగా సాగును. వేల్సు ప్రభుత్వము తన నియమములను తానే చేసికొన్నది. అచ్చట జనులు తమ ప్రాంతమును, అనగా ఇంచుమించు అయిదు మైళ్లను, దాటరాదను కట్టుబాటు జూలై 6వరకు నిలిచెను. ఒకే కాలువ, ఒకే నీరు, ఒకే రుసుము. కాని ఇవతలి గట్టున చెల్లిన మాట అవతల చెల్లలేదు. రెండు ప్రభుత్వములును తమ తమ రోగులను లెక్కించి చేసినదే. రెండు మాటలను ఒకచోట వ్రాసి ముందుగా తెలుపనిచో బాటసారికి మిగులునది కోపమే.

ఇంగ్లండులో 2020 నవంబరు 5నుండి డిసెంబరు 2వరకు ఒకసారియు, 2021 జనవరిలో మరియొకసారియు నిర్బంధములు వచ్చెను. విహారపు పడవలకు 2021 మార్చి 29న మరల సెలవు దొరకెను. రాత్రి నిద్రకు ఏప్రిల్ 12వరకు ఆగవలసివచ్చెను.

తెడ్డుకు సెలవు, యంత్రమునకు నిషేధము

అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రపు సంగతియు ఇచ్చట చెప్పదగినది. ఆ రాష్ట్రము సరస్సులకును నదులకును ప్రసిద్ధము. 2020 ఏప్రిల్ 9న గవర్నరు గ్రెచెన్ విట్మర్ ఒక ఉత్తరువు నిచ్చి యంత్రపు పడవలను నిషేధించెను. తెడ్లతో నడుపు చిన్న పడవలకు, తెరచాప పడవలకు అనుమతి యుండెను. యంత్రపు పడవను నీటిలో దింపు రేవులయొద్దను, చమురు అమ్ముచోటులయొద్దను జనులు గుమిగూడుదురని దీనికి సమర్థనము. కాని ఒంటరిగా యంత్రపు పడవలో కూర్చుండి గాలము వేయువాడు రోగమునెట్లు వ్యాపింపజేయునని జాలరులు అడిగిరి. కోపము రాష్ట్రమంతట పెరిగి, ఇతర కారణములతో కలిసి, ఏప్రిల్ 15న రాజధాని లాన్సింగులో వీధులు నిండిన ప్రదర్శనమునకు దారితీసెను. ఏప్రిల్ 24న వచ్చిన క్రొత్త ఉత్తరువు యంత్రపు పడవలను మరల అనుమతించెను.

పదునైదు దినములు నిలిచిన ఈ నిషేధము ఒక సంగతిని చూపినది. రోగమున్నదని జనులు నమ్మినను, తమకు పెట్టిన హద్దునకును ఆ రోగమునకును గల సంబంధము కనబడనప్పుడు మిగిలిన మంచి హద్దులనుకూడ శంకించుట కారంభింతురు. ఒక్క చెడిన విత్తనము బస్తానంతటిని అనుమానింపజేయును.

మనవారి పడవలు

ఇది పరదేశుల సంగతి మాత్రమే కాదు. శ్రీకాకుళము, విజయనగరము మొదలగు జిల్లాల మత్స్యకారులు వేలకొలది గుజరాతు తీరమునకు పోయి, వెరావల్ రేవున మరపడవలమీద కూలికి పనిచేయుదురు. 2020 మార్చి 25న మన దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు వారు అచ్చటనే చిక్కుకొనిరి. పని లేదు, రైలు లేదు, గదియు లేదు. రేవున కట్టిన పడవలే వారికి ఇండ్లాయెను. ఇరుకైన ఆ పడవలలో ఒకరి ప్రక్కనొకరు పండుకొనిన వారికి దూరముగా నుండుడను మాట ఎట్లు వినబడియుండును? రెండు రాష్ట్రముల ప్రభుత్వములు మాటలాడుకొనిన పిమ్మట, ఏప్రిల్ చివర బస్సులలో వారిని స్వస్థలములకు తరలించుట మొదలాయెను.

ఇంగ్లండు పడవవానికి పొయ్యి, పడక, అనుమతిపత్రము కలవు. మన మత్స్యకారునకు అవియేవియు లేవు. అయినను ఇరువురి ప్రశ్న ఒక్కటియే: ఇంటిలోనుండుమని ఆజ్ఞాపించునప్పుడు, ఎవరికి ఇల్లెక్కడనున్నదో ముందుగా ఎవరైన అడిగిరా?

మన సంఘములు గమనింపవలసినవి

మన రాష్ట్రమున 1997 చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. వంతులు, కట్టివేతలు రైతులే నిర్ణయించుకొనుటకు ఆ చట్టము దారిచూపినది. పశువులకు గాలికుంటు వచ్చినప్పుడు సంత ఆపవలెను. చెరువు నీరు తరిగినప్పుడు తూము మూయవలెను. వరదలో రేవు నిలుపవలెను. నిషేధింపవలసిన దినము ప్రతి సంఘమునకును వచ్చును. మేము పైరుల ప్రదర్శనములకై గ్రామములు తిరుగుచు చూచినంతవరకు, కట్టివేతవలన పుట్టిన తగవులకంటె కట్టివేత తెలియకపోవుటవలన పుట్టిన తగవులే ఎక్కువ. కావున ఈ క్రింది సంగతులను కార్యవర్గములు ఆలోచింపవలెనని మా మనవి.

1. నిషేధమునకు ముందు, అది ఎవరిమీద ఎంత పడునో లెక్కింపవలెను. తలగట్టు రైతును, శివారు రైతును ఒక్కటిగా చూడరాదు. పొలములేక పశువులు మాత్రమున్నవాడు, కౌలుదారు, చేపలు పట్టువాడు సభ్యుల పట్టికలో కనబడకపోవచ్చును, కాలువమీద కనబడుదురు.

2. కారణమును, ఆరంభ దినమును, తిరిగి ఆలోచించు దినమును వ్రాతలో పెట్టి, పంచాయతి కార్యాలయమున అంటించి, చాటింపు వేయింపవలెను. ముగియు దినము తెలియనప్పుడు తిరిగి ఆలోచించు దినమునైన తప్పక చెప్పవలెను.

3. త్రాగునీరు, పశువుల నీరు, రోగిని తరలించుట, ఇట్టివానికి ద్వారము విడువవలెను. దానిని నియమములోనే వ్రాయవలెను. లస్కరు దయకు వదలరాదు.

4. రుసుము లేక తీరువ మాటను మొదటనే తేల్చవలెను. తగ్గింపగలిగినచో ఎంతయో, తగ్గింపలేనిచో ఏలనో లెక్కచూపి చెప్పవలెను.

5. ప్రక్కసంఘముతో సంప్రదించి ఒకేమాటగా ప్రకటింపవలెను. ఒకే కాలువమీద రెండు మాటలుండరాదు.

6. నియమము వ్రాసిన పిమ్మట, దానిని అనుభవింపవలసినవానిని ఒకనిని పిలిచి చదివి వినిపింపవలెను. పడవ ఎచ్చట తిరుగునో పడవవానికి తెలియును.

సభ్యులకును ఒక మాట. అందరి క్షేమమునకై పెట్టిన కట్టుబాటును, అది మనకు కష్టమైనను, పాటించుటయే సహకారము. గట్టున నిలిచి వాదింపవచ్చును. రాత్రివేళ తూము తలుపెత్తరాదు. పడవవారిలో అత్యధికులు సణుగుచునే త్రాడు కట్టి కూర్చుండిరి. వారి సణుగుడు అవిధేయత కాదు. నియమము వ్రాయువారు దానిని విని దిద్దుకొనినచోట నియమము నిలిచెను. విననిచోట కోపము వీధికెక్కెను.

రానున్న కట్టివేత కాలమునకు ముందు జరుగు సర్వసభ్య సమావేశమున ఈ ఆరు సంగతులను చర్చకు తెచ్చి, తమ గ్రామమునకు తగినట్లు తీర్మానము చేసికొనవలెనని మన సంఘములను కోరుచున్నాము. తీర్మానములో మొదటి పేరు శివారు రైతుది కావలెను.